ఆడబిడ్డ సంచిలో నాపరాళ్లు

మా ఆడబిడ్డ సంచిలో పుస్తకాలు కాక మరేదో ఉందని నాకు మొదట చెప్పింది తాండూరు స్టేషన్‌లో మూటలు మోసే కూలీ. మా బండలు గూడ్సు బండికి ఎక్కించే రోజుల్లో అతను మా దుకాణానికి వచ్చి చాయ్ తాగి పోయేవాడు. ఆ రోజు గ్లాసు ఎడమ చేత్తో అందుకున్నాడు.

"కుడి చేతికి ఏమైంది?" అన్నాను.

"మీ పంతులమ్మ సంచి అయింది. పొద్దుగాల బండి ఎక్కుతుంటె జర పట్టుకుందామని పోయిన. భుజం గుంజింది. ఏముంటది అమ్మా గా సంచిల?"

"డ్రిల్లు టీచరుకు ఏముంటది? పుస్తకాలు, ఈల."

"ఈల గంత బరువుంటదా? ఆమె మాత్రం చిక్కుడుకాయల సంచి లెక్క వేలికి తగిలిచ్చుకొని ఎక్కింది. నేను కూలోన్ని, నా ఇజ్జత్ ఏం గావాలె?"

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మూటలు మోసేవాడు పేర్లు తప్పు చెప్పవచ్చు, ఊర్లు తప్పు చెప్పవచ్చు, బరువు మాత్రం తప్పు చెప్పడు.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. అప్పటినుంచి ఏడాది తిరగకముందే, మా ఆడబిడ్డ సింగపూరులో ఆడవాళ్ల దేహదారుఢ్య పోటీలో నిలబడటమా, తాండూరులోనే ఆగిపోవడమా అన్నది నా ఒక్క మాట మీదికి వచ్చి పడింది. ఆ మాట చెప్పడానికి ముందు ఆమెను ఎన్ని విధాల అనుమానించానో రాస్తున్నాను. అనుమానించినందుకు నాకు సిగ్గు లేదు. చూసింది ఒకటి, విన్నది ఒకటి అయినప్పుడు ఎవరికైనా అన్నం సయించకూడదు.

అరవై తొమ్మిదిలో నేను బషీరాబాద్ దిక్కు పల్లె నుంచి తాండూరుకు కోడలిగా వచ్చాను. అత్త అప్పటికే లేదు. ఇంట్లో మామ, మా ఆయన, ఏడేళ్ల ఈ పిల్ల. మామకు నాపరాళ్ల దుకాణం. గనుల నుంచి వచ్చిన బండలను కోసి, నునుపు పట్టి అమ్మేవాళ్లం. ఆ ఏడు ప్రత్యేక తెలంగాణ గొడవలకు బడులు మూతపడ్డాయి. పిల్ల పొద్దంతా దుకాణంలో నా కొంగు పట్టుకుని తిరిగేది. నేను బడి మెట్టు ఎక్కినదాన్ని కాదు. తన రెండో తరగతి పుస్తకం నా ఒళ్లో పెట్టి అక్షరాలు దిద్దించింది ఆ పిల్లే. బదులుగా నేను బండను చూసి బరువు చెప్పడం ఆమెకు నేర్పాను. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న నాపరాయి ఆరు కిలోల మీద కొంచెం మొగ్గుతుంది. ఇది ఎవరూ నేర్పింది కాదు. కాంటా మీద పెట్టీ పెట్టీ నేనే పట్టుకున్నాను. మామ పోయాక దుకాణంలో బేరాలు మా ఆయనవి, కొలతలు నావి అయ్యాయి.

పిల్ల చదువుకుంది. వికారాబాద్‌లో ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరయింది. పొద్దున ప్యాసింజరుకు పోయి చీకటి పడే వేళకు తిరిగి వచ్చేది.

కూలీ చెప్పిన రోజు సాయంత్రం ఆమె రాగానే సంచి నేనే అందుకున్నాను. తేలికగా ఉంది. పొద్దున బరువు, సాయంత్రం తేలిక. అంటే ఆ బరువు ఎక్కడో దిగుతోంది.

మా దగ్గర జొన్నరొట్టెలు చేసుకునే గుండ్రటి బండలు కూడా కోస్తారు. అడుగు అడ్డం, అంగుళం మందం. గుండ్రంగా తీసేసరికి మూలలు పోతాయి కాబట్టి ఒక్కొక్కటి అయిదు కిలోలకు వస్తుంది. గోడకు ఆనించి పేర్చిన ఆ బండల వరుస కురచయినట్టు నాకు కనిపించింది. అమ్మినవి నాకు తెలియకుండా పోవు. బండలు కోసే ముసలాయనను అడిగాను.

"చిన్నమ్మ తీస్కపోయింది గదా. నడిమిట్ల తొర్ర గూడ పెట్టిచ్చుకుంది."

"రొట్టెల బండకు తొర్ర ఎందుకు?"

"నేను గదే అడిగిన. రొట్టె గుండ్రంగ వచ్చిందా లేదా కింది నుంచి చూడనీకి అన్నది."

రాత్రి అన్నాల దగ్గర కదిపాను. "పిల్లా, తొర్ర బండలు ఏం చేస్తున్నవు?"

"స్కూల్ల ఆటలకు వదినా. తాడు కట్టి గుంజిపిస్త."

"ఎవలతోని?"

"తొమ్మిదో తరగతి పిల్లలతోని."

"వాళ్ల అమ్మలు ఊకున్నరా?"

"అందరు నీ లెక్క అడుగరు వదినా. అడిగితె ఊర్లు నడుస్తయా?"

మా ఆయన పళ్లెంలోకి చూస్తూ నవ్వుకున్నాడు. నాకు మాత్రం ఆ జవాబులు టక్కుటక్కున రావడం నచ్చలేదు. అలా వచ్చే జవాబు కోసి పెట్టిన బండ వంటిది. ముందే ఎవరో కొలత తీసి ఉంచాలి.

ఇక నేను చూడటం మొదలుపెట్టాను. ఆమె జాకెట్లు చేతుల దగ్గర వదులు చేయించుకుంటోంది, నడుము దగ్గర బిగుతు చేయించుకుంటోంది. లావైతే రెండూ వదులు కావాలి, చిక్కితే రెండూ బిగుతు కావాలి. గుడ్లు ఉడకబెట్టుకుని తెల్లది తిని పచ్చసొన పిల్లికి వేస్తోంది. మా పిల్లి ఆ ఏడు చూలు కాకుండానే చూలుదానిలా కనిపించేది. రాత్రి అన్నం మానేసింది, పాలు పెంచింది. మామిడికాయ తొక్కు పచ్చడి పెడితే వాసన చూసి పక్కకు జరుపుతోంది.

ఇంతలో వికారాబాద్ నుంచి మా అమ్మ చెల్లెలి కూతురు వచ్చింది. నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. స్టేషన్ దగ్గరే వాళ్ల ఇల్లు. కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి కూర్చుంది.

"చెప్పొద్దనుకున్న చెల్లె. మీ ఆడబిడ్డ బడి ఇడిసినంక కొండ తొవ్వ పడుతున్నదంట."

"గాలికి పోతదేమో."

"రోజూ గాలికా? చేతిల గుడ్ల డబ్బ. వారం వారం స్టేషన్ల బరువు మిషిను మీద నిలవడుతదంట. నేను జెప్పను, నువ్వే జెప్పు. మా ఊర్ల వారం వారం బరువు చూసుకునేటోళ్లు ఎవలు?"

నాకు తెలుసు. ఈ దిక్కున పుట్టిన ఎవరికైనా తెలుసు. వికారాబాద్ అవతల అనంతగిరి కొండ మీద క్షయ రోగుల ఆసుపత్రి ఉంది. ఎక్కడెక్కడి నుంచో రోగులు వస్తారు. వాళ్లను చూడటానికి వచ్చినవాళ్లు కింద ఊళ్లో గదులు తీసుకుంటారు. అందుకని ఆ ఊరివాళ్లకు కొన్ని గుర్తులు కంఠతా వచ్చు. గుడ్లు, పాలు, వారం వారం తూకం, కొండ దారి. ఈ నాలుగూ ఒక మనిషి దగ్గర కనిపిస్తే అయిదోది ఎవరూ అడగరు. గది ఇచ్చినవాళ్లు ఖాళీ చేయమంటారు, గ్లాసు ఇచ్చినవాళ్లు ఆ గ్లాసును వేరే గూట్లో పెడతారు.

"దగ్గుతదా?" అంది అక్క.

"ఇంట్ల అందరం దగ్గుతం. బండ పొడి."

"గట్లనే అనుకోవాలె మరి," అని ఆమె చాయ్ తాగకుండానే లేచింది. మా ఇంటి చాయ్‌ని అక్క వద్దనడం అదే మొదలు.

రెండు రోజులు ఆగాను. మూడో రోజు మధ్యాహ్నం బండికి వికారాబాద్ పోయి, బడి వదిలే వేళకు ఎదురుగా చెప్పుల దుకాణం నీడన నిలబడ్డాను. ఆడబిడ్డ వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా కొండ దారి పట్టింది. ఆమె నడక చూస్తూ వెనక పోయాను. రోగం ఉన్నవాళ్ల నడక నేను చూశాను, ఎత్తు వచ్చేసరికి ఆగుతారు. ఈమెకు ఎత్తు వచ్చేసరికి అడుగు పెద్దదయింది. ఇది కూడా లెక్కకు రాలేదు.

ఆమె ఆసుపత్రి దాకా పోలేదు. ఊరు దాటుతూనే ఎడమ చేతి మీద మట్టి ప్రహరీ ఉన్న ఒక ఇంట్లోకి తిరిగింది. తలుపు సందులోంచి చూశాను.

లోపల వాకిట్లో ఒక ముసలాయన ముక్కాలి పీట మీద, గోడకు ముఖం పెట్టి, వాకిలికి వీపు తిప్పి కూర్చున్నాడు. నులక మంచం మీద ఆయన భార్య వక్కలు కత్తిరిస్తోంది. మా పిల్ల సల్వారు కమీజులో, చేతులు భుజాల దాకా మడిచి, ఒక ఇనుప పైపును నేల మీద నుంచి ఎత్తుతోంది. పైపుకు ఆ కొసన, ఈ కొసన మా రొట్టెల బండలు. ఒక్కో దిక్కున మూడు. నేను పైపు సంగతి వదిలేసి బండలు మాత్రం కూడాను. ముప్పైకి కొంచెం తక్కువ. ఆమె దాన్ని తల మీదికి ఎత్తి నిలబెట్టింది.

"నడుము?" అన్నాడు ముసలాయన గోడతో.

"సీదా ఉంది," అంది భార్య పోకచెక్క నోట్లో వేసుకుంటూ.

"మోకాలు?"

"ఎడమది జర వణుకుతుంది."

"బిడ్డా, మడమ మీద దించు బరువు," అన్నాడాయన, ఇంకా గోడ దిక్కే చూస్తూ.

నేను తలుపు తోసి లోపలికి పోయాను. మంచం మీది ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఎవరమ్మా? ఏం గావాలె?"

"గా బండలు నావి," అన్నాను.

మా ఆడబిడ్డ పైపు దించింది. విసిరేయలేదు. మెల్లగా, ఒక్క బండా మరో బండకు తగలకుండా దించింది. అది నేను నేర్పిన పద్ధతే.

ముసలాయన ఒకప్పుడు కుస్తీల తాలీంలో పహిల్వాన్లను తయారుచేసిన ఉస్తాద్. ఆడపిల్లకు నేర్పాల్సి వచ్చేసరికి ఇద్దరు మొగుడూ పెళ్లాలు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆయన చూడడు, ఆమె చూసి చెబుతుంది, ఆయన విని దిద్దుతాడు. మా పిల్ల ఆమెను ఖాలా అంటుంది, పిన్ని అన్నట్టు. రెండేళ్లుగా ఇది సాగుతోంది. అంతేకాదు, వేసవిలో "స్కూలు ఆటలు" అని చెప్పి పోయింది బొంబాయికట. ఉస్తాద్, ఖాలా వెంట ఉన్నారు. అక్కడ ఆడవాళ్లను వేదిక మీద నిలబెట్టి, భుజాలు, వీపు, తొడలు, వాటి పొందిక చూసి ఎంచారు. సింగపూరు పోటీకి ఎంచినవాళ్లలో మా పిల్ల ఉంది. తండ్రి లేని పెళ్లికాని పిల్ల కాబట్టి అన్న సంతకం కావాలన్నారు.

"అన్న నన్నడుగడు వదినా, నిన్నడుగుతడు," అంది ఆమె. చెమట గడ్డం మీద నుంచి కారుతోంది, తుడుచుకోలేదు. "నువ్వు వద్దంటే గంతే. నేను మల్ల అడుగ."

"ఖర్చెవలది?"

"పోటీలకు పంపే సంఘం వాళ్లది."

"ఖర్చు వాళ్లదే అంటె నాకు భయమైతది. ఏం తొడుగుతరు?"

ఆమె ఖాలా దిక్కు చూసింది. ఖాలా అందుకుంది. "రెండు గుడ్డ ముక్కలు. పైన ఒకటి, కింద ఒకటి. నేను గూడ గట్లనే నోరు తెరిచిన. కానీ అమ్మా, మా ఆయన నలభై ఏండ్లు లంగోటి మీద ఊర్లు తిరిగిండు. ఒక్కలు అనుమానపడలే. నేను తప్ప."

గోడ దిక్కు నుంచి ఉస్తాద్ గొంతు సవరించుకున్నాడు.

"అక్కడ ఏం చేస్తరు మరి, బండలు ఎత్తుతరా?"

"ఎత్తరు. నిలవడుతరు," అని మా పిల్ల రెండు చేతులూ పక్కలకు లేపి, మోచేతులు వంచింది. దండ చెయ్యి మీద కండ లేచింది. పొయ్యి మీద రొట్టె పొంగినట్టు. చేతివేళ్లు మాత్రం తామర రేకుల్లా విచ్చుకుని ఉన్నాయి. "పిడికిలి బిగియ్యొద్దంట. వేళ్లు ఇచ్చుకోని ఉండాలె."

"ఎందుకు?"

"బిగిస్తె మగోళ్ల లెక్క కనవడుతమంట."

"బలం చూపియ్యమంటరు, పిడికిలి వద్దంటరు. మరి గిన్ని బండలు ఎందుకు మోపిచ్చిన్రు?"

"అదే నేను అడిగిన," అంది ఖాలా.

ఆ షరతు విన్నప్పుడు ఆ పోటీ పెట్టినవాళ్ల మీద పుట్టిన అనుమానం నాకు నేటికీ తీరలేదు. కానీ ఆ రోజు తేల్చుకోవాల్సింది అది కాదు. తిరుగు బండిలో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె కిటికీ నుంచి చూస్తోంది, నేను ఆమె చెంపలు చూస్తున్నాను. పోటీ నిజమే కావచ్చు. రోగం కూడా నిజమే కావచ్చు. ఒకటి ఉంటే రెండోది ఉండకూడదని ఎక్కడా లేదు.

మా ఆయన అంతా విని చాలాసేపు బీడీ తాగాడు. తర్వాత, "నాకు గివి తెల్వయి. నువ్వు చూసి చెప్పు. సరే అంటె సంతకం పెడ్త, లేదంటె లేదు," అన్నాడు. దుకాణంలో పగుళ్లు ఉన్నాయేమోనని అనుమానం వచ్చిన బండను కూడా అదే మాటతో నా ముందుకు తోసేవాడు.

ఇక వారం వారం ఆమెను మా దుకాణం కాంటా మీదనే నిలబెట్టాను. స్టేషన్ మిషిను మీద నాకు నమ్మకం లేదు, అది అందరికీ మంచి భవిష్యత్తే చెబుతుంది. యాభై రెండు కిలోల లోపువాళ్లకు ఒక వరుస, ఆ పైవాళ్లకు ఒక వరుస అట. ఆమె యాభై అయిదు దగ్గర ఉంది. తగ్గి కింది వరుసలో నిలబడితే మేలని ఉస్తాద్ అన్నాడు. నేను దర్జీ టేపు తెచ్చుకుని దండ చెయ్యి, నడుము, తొడ కొలిచి గోడ మీద సుద్దతో గీతలు పెట్టాను. వారాలు గడిచేకొద్దీ తూకం దిగింది. నడుము దిగింది. దండ చెయ్యి గీత మాత్రం కదలలేదు. రోగం తింటే అన్నిటినీ తింటుంది, చెయ్యిని విడిచిపెట్టి నడుమును తినదు. అంత వరకు బాగుంది. కానీ ఉప్పు, నూనె తగ్గించిన ఆమె ముఖం లోపలికి పోయింది. చెంపలు గుంటలు పడ్డాయి, కళ్లు పెద్దవయ్యాయి. ఎదురింటివాళ్లు కూడా పిల్లను చూసి నాలుక చప్పరించడం మొదలుపెట్టారు. ఒక రాత్రి ఆమె వరుసగా దగ్గింది. నేను గోడ మీది గీతల దిక్కు చూశాను. అవి ఛాతీ లోపలి సంగతి చెప్పవు.

మా ఆయనా నేనూ మాట్లాడుకుని, కొండ మీద ఎక్స్‌రే తీయిద్దామన్నాం. ఆమె ఒప్పుకోలేదు.

"గా లైన్ల నిలవడితె చూసినోళ్లు ఏమంటరు?"

"ఫిలిం సాఫ్ వస్తె అందరి నోళ్లు మూతవడుతయి," అన్నాడు మా ఆయన.

"ఫిలిం మెడల ఏస్కోని తిరుగాల్నా అన్నా?"

"సంతకం కావాల్నా వద్దా?"

ఆమె లేచి చెప్పులు తొడుక్కుంది.

కొండ మీద చల్లగా ఉంది. వరుసలో మా ముందు ఒక ముసలాయన, వెనక ఒక పసిపిల్ల తల్లి. డాక్టరు ఫిలిం వెలుతురుకు పట్టి చూశాడు, మళ్లీ ఆమెను చూశాడు, మళ్లీ ఫిలిం చూశాడు. "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఏం పని చేస్తావమ్మా, ఈ భుజాలు?" అన్నాడు.

"బండలు ఎత్తుత సార్."

"తాండూరా?" అన్నాడాయన, అంతా అర్థమైనట్టు. కాగితం రాసిచ్చాడు.

నేను ఆ కాగితం రవికెలో దోపుకుని తేలికపడి దిగాను. మేము ఊళ్లోకి దిగేసరికి మా కంటే ముందు మాట దిగింది. కొండ మీద డ్రిల్లు టీచరు ఎక్స్‌రే గది ముందు నిలబడింది, వెంట ఇంటి పెద్దామె కూడా ఉంది. అంటే ఇక అనుమానం లేదు. మర్నాడు బడిలో పెద్ద పంతులమ్మ ఆమెను కొన్నాళ్లు ఇంటి దగ్గర ఉండమంది. నేను పోయి డాక్టరు కాగితం ముందు పెట్టాను. ఆమె దాన్ని ముట్టుకోకుండా చదివింది.

"నాకు నమ్మకమే అమ్మా. పిల్లల తల్లిదండ్రులకే లేదు. రోగం లేదని రాయించుకునే కాగితం రోగం ఉన్నోళ్లకే కావాలె అంటున్నరు."

కోపంతోనే వచ్చాను కానీ ఆ మాటలో నాకు తప్పు దొరకలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని.

సంతకానికి గడువు దగ్గరపడింది. ఆడబిడ్డ ఇంట్లోనే ఉంటోంది. ఉస్తాద్ వాకిలికి పోవడం కూడా మాన్పించాం. దుకాణం వెనక, బండల చాటున, గోడ దిక్కు తిరిగి తనకు తానే "నడుము? మోకాలు?" అని ప్రశ్న వేసుకుంటూ ఎత్తేది. నేను విని కూడా విననట్టు ఉండేదాన్ని. నన్ను ఏమీ అడగలేదు. అడగను అన్నది, అడగలేదు.

మా ఆయన కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "ఇప్పుడు పంపితె, రోగం దాచి దేశం దాటిచ్చిన్రు అంటరు."

"అంటరు."

"పంపకపోతె, రోగం ఉంది కాబట్టె ఆగింది అంటరు."

"అంటరు."

"మరి ఎట్ల చెయ్యాలె? నాకైతె దిమాక్ పనిచేస్తలేదు."

మా దుకాణంలో అప్పటికీ మామ కాలంనాటి తక్కెడ ఉండేది, రెండు పళ్లేలది. చిన్న బండలకు దాన్నే వాడేదాన్ని. ఆయన మాట వింటుంటే నా కళ్లు దాని మీదికి పోయాయి. తూచేటప్పుడు పొరపాటున రెండు పళ్లేల్లోనూ ఒకే రకం రాయి పడితే మేము గాభరా పడం. రెండు వైపులా తీసేస్తాం. దాని వల్ల ముల్లు ఎటూ కదలదు, ఊరికే తక్కెడకు బరువు.

"పంపినా రోగం అంటరు, పంపకున్నా రోగం అంటరు. రెండు దిక్కుల ఒకటే రాయి ఉంది. తీసెయ్యి," అన్నాను.

"తీసేస్తె ఏం మిగులుతది?"

"ఈ దిక్కు పిల్ల ఉంది. ఆ దిక్కు ఏం లేదు. పెట్టు సంతకం."

ఆయన పెన్ను మూత తీశాడు. బండల చాటు నుంచి "మోకాలు?" అన్న మాట ఆగిపోయింది. కాసేపటికి పైపు నేలకు దిగిన చప్పుడు వినిపించింది. ఆ ఒక్కసారి బండలు ఒకదానికొకటి తగిలాయి.

బొంబాయి బండి మా ఊరి మీదుగానే పోతుంది. ఉస్తాద్, ఖాలా వికారాబాద్‌లో ఎక్కి వచ్చారు, తాండూరులో ఈమె ఎక్కింది. బొంబాయి నుంచి ఆడవాళ్ల జట్టుతో విమానం. ఆ మూటల కూలీ ఆమె పెట్టె పట్టుకోవడానికి పోయి, ఆగి, రెండు చేతులూ వెనక కట్టుకున్నాడు. "బండలున్నయా అమ్మా?" అన్నాడు. "లేవు, పట్టుకో," అంది ఆమె. అతను నమ్మలేదు. ఒక వేలితో పైకి లేపి చూసుకుని, తర్వాత మోశాడు.

ఆమె తిరిగొచ్చేసరికి ముఖం నిండి ఉంది. అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు పెట్టించుకుని మూడుసార్లు తింది. పతకం మాత్రం ఏదీ తేలేదు.

"ఏడో దాన్ని వచ్చిన వదినా."

"ఎంతమందిని పిలిచిన్రు స్టేజి మీదికి, బహుమతులకు?"

"ఆరుగురిని."

"ఆరుగురినే పిలిస్తె నువ్వు ఏడో దానివని నీకెట్ల తెలుసు?"

"ఒక జడ్జి చెప్పింది."

"మార్కులు చూపిచ్చిందా?"

"లేదు."

"పదో దానికి గూడ నువ్వే ఏడో దానివని చెప్పి ఉండొచ్చు."

ఆమె తొక్కు ఎంగిలి చేత్తోనే నోరు మూసుకుని నవ్వింది. అన్న చూడకుండా చెయ్యి కొంచెం దించి, నాకు మాత్రమే కనిపించేలా ఒక పిడికిలి బిగించింది. "ఆఖరుకు, అందరం లైన్ల నిలవడ్డప్పుడు, గిట్ల చేసిన. ఒక్క నిమిషం. అందుకే మార్కులు పోయినయేమో."

అదీ తెలియదు. అడగడానికి సింగపూరు ఎక్కడ, తాండూరు ఎక్కడ.

వికారాబాద్ మాత్రం తన లెక్క తాను తేల్చుకుంది. డ్రిల్లు టీచరు రోగంతో పోయింది, పరదేశం మందు తిన్నది, బుగ్గలు నిండి వచ్చింది. పోటీ గీటీ అన్నది ఇంటివాళ్లు చెప్పుకునే మాట. పెద్ద పంతులమ్మ కబురు పెట్టి ఆమెను మళ్లీ బడిలో చేర్చుకుంది. మా అక్క వచ్చి, చాయ్ రెండు గ్లాసులు తాగి, "మందు పేరేంది చెల్లె?" అని చెవిలో అడిగింది. వాళ్ల కోడలు కాన్పు తర్వాత లేవలేకుండా ఉందట. నేను చెప్పబోయాను. ఆడబిడ్డ నా మాటకు అడ్డం వచ్చింది.

"మందు నా దగ్గరనే ఉంది అక్కా. కానీ ఇంటికి ఇయ్యరాదు. సాయంత్రం కొండ తొవ్వల ఖాలా ఇంటికి పంపు."

కోడలు వచ్చింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు, తర్వాత ఒక నర్సు, కుల్కచర్ల నుంచి వచ్చి బంధువుల ఇంట్లో ఉన్న ఒక పిల్ల. ఉస్తాద్ పీట గోడకు ఇంకా దగ్గరగా జరిగింది. ఖాలా ఇప్పుడు మంచం దిగి, ఒక్కొక్కరి చుట్టూ తిరిగి చూసి, ఆయనకు వినపడేలా కేకవేసి చెప్పాల్సి వస్తోంది. మందు ఎప్పుడు పోస్తారని మొదటి వారం అడిగారు. తర్వాత అడగడం మానేశారు.

మా దుకాణంలో రొట్టెల బండల వరుస మళ్లీ కురచయింది. ఈసారి బండలు కోసే ముసలాయనను అడగలేదు. నేనే ఒకరోజు ఖాలా ఇంటికి పోయాను. అక్క కోడలు పైపు ఎత్తుతోంది. దిక్కుకు ఒక్క బండ. ప్రతి బండ మీదా ఆడబిడ్డ తెల్ల రంగుతో "5" అని రాసింది. కాన్పు తర్వాత మంచం దిగలేకపోయినదాన్ని ఇప్పుడు రెండు అయిదులు ఎత్తానని ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది.

నేను బండల అంచు చూశాను. రెండు ముఖాలా నునుపు పట్టి ఉన్నాయి. కింది దిక్కు ఎవరూ నునుపు పట్టించరు, ఒక్క ముఖానికే పట్టిస్తారు. రెండు దిక్కులా రాపాడితే అంగుళం అంగుళంలా ఉండదు. నా కంటికి అవి నాలుగు కిలోలకు తులం ఎక్కువ లేవు.

"చేతులు గీరుకపోతున్నయని రెండు దిక్కుల పట్టిచ్చిన వదినా," అంది ఆడబిడ్డ నేను అడగకముందే, టక్కున.

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె అక్క కోడలి మోకాళ్ల దిక్కు చూస్తోంది.

"మల్లొకసారి ఎత్తు పిల్లా," అన్నాను అక్క కోడలితో. "అయిదుంటయి గవి. మస్తు బరువు."